ఉబ్బసం, సీఓపీడీలకు బయోలాజిక్ సూదిమందులు: ఏ గ్రాహకాన్ని అడ్డుకునే మందు ఎవరికి సరిపోతుంది?

బయోలాజిక్‌లంటే జీవకణాల్లో తయారుచేసే ప్రొటీన్ మందులు. వాటిలో బెన్రాలిజుమాబ్ అనే సూదిమందు రక్తంలోని ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలను దాదాపు పూర్తిగా తుడిచిపెడుతుంది. డ్యుపిలుమాబ్ అనే మరో సూదిమందు ఆ కణాల జోలికి నేరుగా పోదు. పైగా మొదలుపెట్టిన తొలి నెలల్లో కొందరి రక్తంలో వాటి సంఖ్య తాత్కాలికంగా పెరుగుతుంది కూడా. సీఓపీడీలో, అంటే ఎక్కువగా పొగ వల్ల శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే ఊపిరితిత్తుల జబ్బులో, వాపుకు ఇయోసినోఫిళ్లే కారణమనుకుంటే మొదటి మందే గెలవాలి. 2019లో వెలువడిన గలాథియా, టెర్రనోవా పరీక్షల్లో మాత్రం బెన్రాలిజుమాబ్ సీఓపీడీ ఉద్ధృతులను, అంటే జబ్బు ఒక్కసారిగా ముదిరే సందర్భాలను, ఆశించిన మేరకు తగ్గించలేకపోయింది. డ్యుపిలుమాబ్ 2023 నాటి బోరియాస్ పరీక్షలో 30 శాతం, 2024 నాటి నోటస్ పరీక్షలో 34 శాతం తగ్గించింది. ఈ మందుల మధ్య ఎంపిక చేసుకోవలసి వచ్చిన ప్రతివారూ ముందుగా ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవాలని నా అభిప్రాయం. ఒక మందు ఎన్ని కణాలను తొలగిస్తుందన్న లెక్క కన్నా, అది అడ్డుకునే గ్రాహకం ఏయే కణాల మీద ఉందన్న ప్రశ్నే ఎంపికకు ఎక్కువగా ఉపయోగపడుతుంది.

గ్రాహకం, అంటే రిసెప్టర్, కణం పైపొరలో ఉండే ఒక ప్రొటీన్. ఇంటర్‌ల్యూకిన్ వంటి సందేశ పదార్థం వచ్చి దానికి అతుక్కున్నప్పుడు కణం లోపల పని మొదలవుతుంది. అదే సందేశం గ్రాహకం లేని కణాన్ని తాకినా ఏమీ జరగదు. కాబట్టి మందుతో జోక్యం చేసుకోవడానికి మూడు మార్గాలున్నాయి: సందేశాన్ని దారిలోనే పట్టి ఆపడం, గ్రాహకాన్ని మూసివేయడం, గ్రాహకాన్ని గుర్తుగా వాడుకొని ఆ కణాన్నే చంపించడం. ఇప్పుడు వాడుకలో ఉన్న బయోలాజిక్ మందులన్నీ ఈ మూడింటిలో ఏదో ఒక మార్గానివే.

పోల్చడానికి ముందు తేల్చుకోవలసినవి

జబ్బు ఉబ్బసమా, సీఓపీడీయా, రెండూ కలిసి ఉన్నాయా అన్నది స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష ద్వారా, రోగి చరిత్ర ద్వారా స్థిరపడాలి. ఇన్‌హేలర్‌ను సరిగ్గా పీలుస్తున్నారా, క్రమం తప్పకుండా వాడుతున్నారా, పొగ తాగడం మానేశారా అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. ఇవి చూడకుండా సూదిమందు దాకా వెళ్లినవారిలో కొందరికి అసలు ఆ అవసరమే ఉండదు. వినడానికి చప్పగా ఉన్నా ఎంపికలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ మెట్టు దగ్గరే.

తరువాత వాపు ఏ రకానిదో తెలుసుకోవాలి. ఉబ్బసం ఉన్నవారిలో ఎక్కువమందికి, సీఓపీడీ ఉన్నవారిలో కొందరికి కనిపించేది రెండో రకం వాపు. ఇందులో ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 అనే సందేశాలు ప్రధానం. రక్తంలో ఇయోసినోఫిళ్లు పెరగడం, ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉండడం దీని గుర్తులు. సీఓపీడీలో మిగిలినవారిలో ఎక్కువమందికి న్యూట్రోఫిళ్లు, మాక్రోఫేజ్‌లు, సీడీ8 రకం లింఫోసైట్లు అనే ఇతర రక్షణ కణాలు నడిపించే వాపు ఉంటుంది. ఇప్పటి సూదిమందులు దాదాపు అన్నీ రెండో రకం వాపు ఉన్నవారి కోసం తయారైనవే.

ఇయోసినోఫిళ్ల లెక్క మామూలు రక్తపరీక్షలోనే వస్తుంది. అయితే కాగితం మీద శాతం మాత్రమే ఇచ్చి ఉంటే దానితో సరిపెట్టుకోకూడదు. మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు 8,000 ఉండి, అందులో ఇయోసినోఫిళ్లు 4 శాతమైతే అసలు సంఖ్య 320 అవుతుంది. నిర్ణయాలన్నీ ఈ సంఖ్య మీదనే ఆధారపడతాయి. స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్న రోజుల్లో ఈ సంఖ్య బాగా పడిపోతుంది కాబట్టి, అప్పుడు తీసిన రక్తంలో 40 వచ్చినంత మాత్రాన రెండో రకం వాపు లేదని తీర్మానించకూడదు. నులిపురుగుల వంటి పరాన్నజీవులున్నా, కొన్ని రకాల అలర్జీలున్నా సంఖ్య పెరుగుతుంది. నిలకడగా ఉన్న రోజుల్లో కనీసం రెండుసార్లు చూసిన సంఖ్యకే విలువ ఇవ్వడం మంచిది. పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే వాటిని కూడా వైద్యుడికి చూపాలి.

నాలుగు లక్ష్యాలు, వాటి చిరునామాలు

ఇంటర్‌ల్యూకిన్-5 గ్రాహకం ముఖ్యంగా ఇయోసినోఫిళ్ల మీద, కొంత బేసోఫిళ్లు అనే మరో రకం తెల్లకణాల మీద ఉంటుంది. ఎముక మజ్జలో ఇయోసినోఫిళ్లు పుట్టడానికి, రక్తంలో ఎక్కువ కాలం బతకడానికి ఈ సంకేతం కావాలి. మెపోలిజుమాబ్, రెస్లిజుమాబ్ అనేవి ఇంటర్‌ల్యూకిన్-5ను దారిలోనే పట్టుకుంటాయి. బెన్రాలిజుమాబ్ గ్రాహకానికే అతుక్కుంటుంది. దాని చక్కెర గొలుసులోంచి ఫ్యూకోజ్ అనే భాగాన్ని తయారీలోనే తీసివేశారు. దానివల్ల సహజ సంహారక కణాలు తమ మీదున్న ఎఫ్‌సీ గ్రాహకంతో మందును గట్టిగా పట్టుకొని, ఆ ఇయోసినోఫిల్‌ను చంపేస్తాయి. ఒక గ్రాహకాన్ని గుర్తుగా, మరో కణం గ్రాహకాన్ని ఆయుధంగా వాడుకునే ఈ పద్ధతి నాకు ఈ మందులన్నిటిలోనూ చమత్కారంగా కనిపిస్తుంది, చమత్కారమే ఫలితం కాకపోయినా.

ఇంటర్‌ల్యూకిన్-4 గ్రాహకంలోని ఆల్ఫా భాగం సంగతి వేరు. అది ఇంటర్‌ల్యూకిన్-4కూ, ఇంటర్‌ల్యూకిన్-13కూ ఉమ్మడి ద్వారం. లింఫోసైట్ల మీదే కాక, శ్వాసనాళాల లోపలి పొర మీద, కళ్లె తయారుచేసే గోబ్లెట్ కణాల మీద, నాళాల చుట్టూ ఉన్న కండరాల మీద కూడా ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-13 ఈ గ్రాహకం ద్వారా పనిచేసినప్పుడు గోబ్లెట్ కణాలు పెరుగుతాయి, కళ్లె చిక్కబడుతుంది, కండరం త్వరగా బిగుసుకుంటుంది, నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి పెరుగుతుంది. డ్యుపిలుమాబ్ ఈ ఉమ్మడి ద్వారాన్ని మూసివేస్తుంది. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్‌ను డ్యుపిలుమాబ్ స్పష్టంగా తగ్గించడానికీ, ఇంటర్‌ల్యూకిన్-5 మందులు అంతగా తగ్గించకపోవడానికీ కారణం ఇదే. మొదట్లో చెప్పిన వైరుధ్యానికి జవాబులో పెద్ద భాగం కూడా ఇక్కడే ఉందని నేను భావిస్తాను: సీఓపీడీలో ఇయోసినోఫిళ్లు ఎక్కువగా ఉండడం, చాలామందిలో, వెనుక నడుస్తున్న ఇంటర్‌ల్యూకిన్-13 పనికి ఒక గుర్తు. గుర్తును చెరిపేస్తే పని ఆగదు.

మూడోది అలర్జీలో పాలుపంచుకునే ఐజీఈ అనే యాంటీబాడీకి సంబంధించినది. మాస్ట్ కణాల మీద, బేసోఫిళ్ల మీద ఉండే ఐజీఈ గ్రాహకానికి ఐజీఈ అతుక్కొని ఉంటుంది. అలర్జీ కలిగించే పదార్థం తగలగానే ఆ కణాలు హిస్టమిన్ వంటివాటిని వెదజల్లుతాయి. ఒమాలిజుమాబ్ స్వేచ్ఛగా తిరిగే ఐజీఈని పట్టుకొని గ్రాహకం దాకా చేరనివ్వదు. కొంతకాలానికి ఆ కణాల మీద గ్రాహకాల సంఖ్య కూడా తగ్గిపోతుంది. 2003లో అమెరికా అనుమతి పొందిన ఈ మందు ఉబ్బసానికి వచ్చిన తొలి బయోలాజిక్.

నాలుగోది అన్నిటికన్నా పైన ఉంటుంది. పొగ, వైరస్, అలర్జీ పదార్థం తగిలినప్పుడు శ్వాసనాళాల పైపొర కణాలు టీఎస్‌ఎల్‌పీ అనే హెచ్చరికను విడుదల చేస్తాయి. దాని గ్రాహకాలు డెండ్రిటిక్ కణాల మీద, మాస్ట్ కణాల మీద, రెండో రకం సహజ లింఫాయిడ్ కణాల మీద ఉంటాయి. ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 వెలువడడం ఆ తరువాతి సంగతి. 2021లో అనుమతి పొందిన టెజెపెలుమాబ్ ఈ హెచ్చరికనే పట్టుకుంటుంది.

ఉబ్బసమైతే

తీవ్రమైన ఉబ్బసంలో ఈ నాలుగు లక్ష్యాలూ పనిచేస్తాయి కాబట్టి, ఇక్కడ ప్రశ్న ఏది ఎవరికి ఎక్కువగా సరిపోతుందన్నదే. చిన్ననాటి నుంచి అలర్జీ ఉండి, ఏడాది పొడవునా ఉండే దుమ్ము పురుగుల వంటివాటికి పరీక్షలో స్పందన కనిపించి, ఐజీఈ మోతాదు పట్టిక పరిధిలో ఉన్నవారికి ఒమాలిజుమాబ్ సహజమైన ఎంపిక. దాని మోతాదును శరీర బరువు, ఐజీఈ స్థాయి కలిపి నిర్ణయిస్తారు. బరువు గానీ ఐజీఈ గానీ పట్టిక దాటిపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. అరుదుగా తీవ్రమైన అలర్జీ ప్రతిచర్య రావచ్చు కాబట్టి తొలి మోతాదులు ఆసుపత్రిలోనే తీసుకోవాలి. గర్భధారణ విషయంలో ఈ వర్గంలో ఎక్కువ అనుభవం పోగైంది కూడా దీనికే.

పెద్దయ్యాక మొదలైన ఉబ్బసం, ఇయోసినోఫిళ్లు 300 దాటిన రక్తం, ముక్కులో పాలిప్స్, తరచూ స్టెరాయిడ్ మాత్రలు — ఇలాంటివారికి ఇంటర్‌ల్యూకిన్-5 మందులు బాగా పనిచేస్తాయి. రోజూ స్టెరాయిడ్ మాత్రలు మింగవలసి వస్తున్నవారిని వాటి నుంచి బయటపడేయడమే లక్ష్యమైతే, పరీక్షల అంకెలను చూడవలసిందే. 2014లో మెపోలిజుమాబ్‌తో స్టెరాయిడ్ మోతాదు మధ్యస్థంగా 50 శాతం తగ్గింది; 2017లో బెన్రాలిజుమాబ్‌తో 75 శాతం తగ్గగా, మందు లేని ఉత్తుత్తి సూది తీసుకున్నవారిలో 25 శాతం తగ్గింది; 2018లో డ్యుపిలుమాబ్‌తో సగటున 70 శాతం తగ్గగా, ఉత్తుత్తి సూదితో 42 శాతం దాకా తగ్గింది. ఇవి వేర్వేరు పరీక్షలు, వేర్వేరు రోగులు కాబట్టి 75 కన్నా 70 తక్కువని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం తప్పు. టెజెపెలుమాబ్ మాత్రం ఇదే ప్రశ్నకు జరిగిన సోర్స్ పరీక్షలో లక్ష్యాన్ని చేరలేదు. కాబట్టి మాత్రలు మానడమే ప్రధాన అవసరమైనవారికి దాన్ని మొదటి వరుసలో పెట్టడానికి నేను వెనకాడతాను.

అయితే టెజెపెలుమాబ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. 2021 నాటి నావిగేటర్ పరీక్షలో అది మొత్తం మీద ఉద్ధృతులను 56 శాతం, ఇయోసినోఫిళ్లు 300 కన్నా తక్కువ ఉన్నవారిలో కూడా 41 శాతం తగ్గించింది. గుర్తులేవీ స్పష్టంగా లేని తీవ్ర ఉబ్బసానికి ఇప్పుడున్న మెరుగైన దారి ఇదే.

ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ 25 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 25 భాగాలు) దాటి ఉండి, దానికి తోడు అటోపిక్ ఎగ్జిమా ఉంటే డ్యుపిలుమాబ్ ఒకే సూదితో రెండింటినీ చూస్తుంది. ఇయోసినోఫిళ్లు 1,500 దాటి ఉన్నవారికి మాత్రం దాన్ని సాధారణంగా ఇవ్వరు. రక్తనాళాల వాపుతో కూడిన ఈజీపీఏ అనే జబ్బు ఉందేమోనన్న అనుమానమున్నచోట మెపోలిజుమాబ్ గానీ బెన్రాలిజుమాబ్ గానీ సరైనవి. ఆ జబ్బుకు మెపోలిజుమాబ్‌కు 2017లో, బెన్రాలిజుమాబ్‌కు 2024లో అమెరికా అనుమతి లభించింది.

సీఓపీడీ అయితే

ఇక్కడ జాబితా ఒక్కసారిగా కుదించుకుపోతుంది. మూడు రకాల ఇన్‌హేలర్ మందులు, అంటే దీర్ఘకాలం పనిచేసే రెండు శ్వాసనాళ విప్పారక మందులూ పీల్చే స్టెరాయిడూ, వాడుతూ కూడా ఉద్ధృతులు ఆగకపోతే, ఇయోసినోఫిళ్లు 300 లేదా అంతకు మించి ఉంటేనే సూదిమందు మాట వస్తుంది. సీఓపీడీకి తొలి బయోలాజిక్‌గా 2024లో డ్యుపిలుమాబ్, దాని తరువాత 2025లో మెపోలిజుమాబ్ అమెరికాలో అనుమతి పొందాయి.

ఈ రెండింటి మధ్య తేడా గ్రాహకాల తేడాను అచ్చంగా పోలి ఉంటుంది. డ్యుపిలుమాబ్ పరీక్షల్లో చేర్చుకున్నది దీర్ఘకాలిక బ్రాంకైటిస్, అంటే నెలల తరబడి కళ్లెతో కూడిన దగ్గు ఉన్నవారినే. వారిలో ఉద్ధృతులు తగ్గడమే కాక ఊపిరి సామర్థ్యం కూడా పెరిగింది: బోరియాస్‌లో 12 వారాలకు, మొదటి సెకనులో బలంగా ఊదగలిగిన గాలి మందు తీసుకున్నవారిలో 160 మిల్లీలీటర్లు, ఉత్తుత్తి సూది వారిలో 77 మిల్లీలీటర్లు పెరిగింది. కళ్లె తయారయ్యే చోటనే గ్రాహకాన్ని మూసే మందుకు ఇది తగిన ఫలితమే. మెపోలిజుమాబ్ మీద జరిగిన మాటినీ పరీక్షలో దీర్ఘకాలిక బ్రాంకైటిస్ ఉండాలన్న నిబంధన లేదు. ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదులు దెబ్బతినడం, ప్రధానంగా ఉన్నవారినీ తీసుకున్నారు. ఏడాదికి సగటు ఉద్ధృతులు ఉత్తుత్తి సూది వారిలో 1.01, మందు తీసుకున్నవారిలో 0.80, అంటే 21 శాతం తక్కువ. రోజువారీ లక్షణాల్లో, జీవన నాణ్యతలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. అదే మందుకు 2017లో జరిగిన రెండు పరీక్షల్లో ఒకటి మాత్రమే నెగ్గిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

కళ్లె ఎక్కువగా పడుతూ, ఆయాసం రోజువారీ పనికి అడ్డు తగులుతున్నవారికి నేనైతే డ్యుపిలుమాబ్‌ను ముందు పెడతాను. కళ్లె పెద్దగా లేకుండా, ఉద్ధృతులతో ఆసుపత్రి పాలవడమే ప్రధాన కష్టమైనవారికి, రెండు వారాలకోసారి సూది వేసుకోవడం కుదరనివారికి మెపోలిజుమాబ్ సరైన ప్రత్యామ్నాయం. అది నాలుగు వారాలకోసారి 100 మిల్లీగ్రాములు. డ్యుపిలుమాబ్ సీఓపీడీలో రెండు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు. టెజెపెలుమాబ్ సీఓపీడీ మీద జరిగిన కోర్స్ అనే రెండో దశ పరీక్షలో ఉద్ధృతులను 17 శాతం తగ్గించినా, ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు.

బెన్రాలిజుమాబ్‌ను పూర్తిగా పక్కన పెట్టేముందు ఒక మినహాయింపు చెప్పాలి. 2024లో వెలువడిన అబ్రా పరీక్షలో దాన్ని క్రమం తప్పని నివారణకు కాక, ఇయోసినోఫిళ్లు పెరిగిన ఉద్ధృతి వచ్చిన రోజునే 100 మిల్లీగ్రాముల ఒక్క సూదిగా ఇచ్చారు. ఉబ్బసం గానీ సీఓపీడీ గానీ ఉన్న ఆ గుంపులో 90 రోజుల్లో చికిత్స విఫలమైనది, ప్రెడ్నిసొలోన్ మాత్రమే తీసుకున్నవారిలో 74 శాతం, బెన్రాలిజుమాబ్ తీసుకున్నవారిలో 45 శాతం. అంటే నిలకడ రోజుల్లో గుర్తుగా ఉన్న కణం, ఉద్ధృతి రోజున నిజంగానే నేరస్థుడు కావచ్చు. ఆ పరీక్షలో ఉన్నవారు 158 మందే కాబట్టి దీన్ని ఇంకా మామూలు చికిత్సగా లెక్కించరాదు.

న్యూట్రోఫిళ్ల వాపు అయితే

ఈ వర్గానికి సరిపోయే బయోలాజిక్ లేదు. ప్రయత్నించలేదని కాదు. న్యూట్రోఫిళ్లను ఊపిరితిత్తుల్లోకి పిలిచే సీఎక్స్‌సీఆర్2 గ్రాహకాన్ని మూసే నవారిక్సిన్, డానిరిక్సిన్ అనే మాత్రలను సీఓపీడీలో పరీక్షించారు. మొదటిదానితో ఊపిరి సామర్థ్యం కొద్దిగా పెరిగినా, రక్తంలో న్యూట్రోఫిళ్లు పడిపోయి కొందరు మానేయవలసి వచ్చింది; రెండోదానితో ప్రయోజనం కనిపించలేదు. టీఎన్‌ఎఫ్ అనే వాపు సందేశాన్ని పట్టుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ 2007లో ఏ మేలూ చూపలేదు. కారణం ఊహించడం కష్టం కాదు: బాక్టీరియాను ఎదుర్కొనేవి కూడా అవే న్యూట్రోఫిళ్లు, దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో బాక్టీరియా ఎప్పుడూ పొంచే ఉంటుంది.

కాబట్టి ఇయోసినోఫిళ్లు 100 కన్నా తక్కువ ఉన్న సీఓపీడీ రోగికి ఎంపిక మాత్రల మధ్యే. పీల్చే స్టెరాయిడ్ వల్ల ఇక్కడ మేలు తక్కువ, న్యుమోనియా ముప్పు మాత్రం అలాగే ఉంటుంది. పొగ వల్ల హెచ్‌డీఏసీ2 అనే ఎంజైమ్ క్షీణించడంతో, స్టెరాయిడ్ తన గ్రాహకానికి అతుక్కున్నా వాపు జన్యువులను అణచలేకపోవడం దీనికి ఒక కారణం. పొగ మానేసినవారికి అజిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములు రోజూ ఇవ్వడం ఒక దారి. 2011 నాటి పెద్ద పరీక్షలో మొదటి ఉద్ధృతి దాకా గడిచిన మధ్యస్థ కాలం ఉత్తుత్తి మందు వారిలో 174 రోజులు, అజిత్రోమైసిన్ వారిలో 266 రోజులు. వినికిడి తగ్గే అవకాశముంది కాబట్టి ముందే ఆ పరీక్ష, గుండె లయకు ఈసీజీ చేయించాలి. ఇంకా పొగ తాగుతున్నవారికి అది అంతగా పనిచేయదు. ఊపిరి సామర్థ్యం ఉండవలసినదానిలో 50 శాతం కన్నా తక్కువకు పడిపోయి, కళ్లె దగ్గు ఉన్నవారికి రోఫ్లుమిలాస్ట్ మరో దారి. విరేచనాలు, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం వల్ల చాలామంది దాన్ని మధ్యలోనే వదిలేస్తారు, అందుకే ఇప్పటికే సన్నగా ఉన్నవారికి నేను దాన్ని సిఫారసు చేయను.

మొదలుపెట్టాక

డ్యుపిలుమాబ్‌తో కళ్లు ఎర్రబడడం, మెపోలిజుమాబ్‌తో తలనొప్పి, అరుదుగా సర్పి (షింగిల్స్) రావడం, దాదాపు అన్నిటితోనూ సూది వేసిన చోట ఎరుపు ఉంటాయి. సర్పి టీకా వయసు వచ్చినవారు మెపోలిజుమాబ్‌కు ముందే వేయించుకోవడం మేలు. పరాన్నజీవుల సోకు ఉందని తెలిస్తే ముందు దాన్ని నయం చేసుకోవాలి, ఎందుకంటే ఈ మందులు మూసే దారులే శరీరం ఆ పురుగులను ఎదుర్కొనే దారులు.

నాలుగు నుంచి ఆరు నెలల దాకా ఫలితాన్ని తేల్చవద్దు. ఒమాలిజుమాబ్‌కు 16 వారాల దగ్గర తొలి సమీక్ష చేస్తారు. ఆ సమీక్షలో చూడవలసినవి ఉద్ధృతుల సంఖ్య, మింగిన స్టెరాయిడ్ మాత్రల లెక్క, స్పైరోమెట్రీ, నడవగలిగే దూరం. రక్తంలో ఇయోసినోఫిళ్లు సున్నాకు వచ్చాయన్నది ఇంటర్‌ల్యూకిన్-5 మందు పనిచేసిందనడానికి రుజువు కాదు, మందు శరీరానికి అందిందనడానికే రుజువు. ఆ సంఖ్య సున్నా దగ్గర ఉండి కూడా కళ్లె, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గకపోతే అదే వర్గంలోని మరో మందుకు మారడంలో అర్థం లేదు. గ్రాహకాన్నే మార్చి, డ్యుపిలుమాబ్ గానీ ఉబ్బసమైతే టెజెపెలుమాబ్ గానీ చూడాలి. డ్యుపిలుమాబ్ వాడుతూ ఇయోసినోఫిళ్లు విపరీతంగా పెరిగి, చర్మం మీద మచ్చలు, నరాల తిమ్మిరి వంటివి కొత్తగా కనిపిస్తే వెంటనే వైద్యుడిని కలవాలి. సూదిమందు మొదలైంది కదా అని స్టెరాయిడ్ మాత్రలను ఒక్కసారిగా ఆపడం ప్రమాదకరం. అడ్రినల్ గ్రంథి మళ్లీ పని అందుకునే దాకా వారాల తరబడి మోతాదును మెల్లగా దించాలి. పీల్చే మందులు మాత్రం సూదితో పాటు కొనసాగవలసినవే.

ఇప్పుడే తొందర లేనివారికి మరొక గ్రాహకం గురించి తెలిసి ఉండడం మంచిది. దెబ్బతిన్న పైపొర కణాలు వెదజల్లే ఇంటర్‌ల్యూకిన్-33కు ఎస్‌టీ2 అనే గ్రాహకం ఉంది. ఆ సందేశాన్ని పట్టుకునే ఇటెపెకిమాబ్ రెండో దశ పరీక్షలో పొగ మానేసినవారికి మాత్రమే మేలు చేసినట్టు కనిపించింది. మూడో దశలో 2025లో ఫలితాలు వచ్చిన రెండు పరీక్షల్లో ఒకటి లక్ష్యాన్ని చేరింది, రెండోది చేరలేదు. ఇయోసినోఫిళ్లు తక్కువగా ఉన్నందున పైన చెప్పిన సూదులేవీ దొరకని మాజీ పొగరాయుళ్లు, ఈ వర్గంపై జరిగే కొత్త పరీక్షల్లో చేరే వీలుందేమో తమ ఊపిరితిత్తుల వైద్యుడిని అడగవచ్చు.